ఈవిడ మా వదిన కాదు

ఫ్యాక్టరీ వెనక సందు,
ఆకుపచ్చ తలుపు ఇల్లు.

మిరపకాయకి,

మేమిద్దరం బాగున్నాం. నువ్వు బాగున్నావని నేనే రాసేస్తే నీకు ఒళ్ళు మండుతుంది కాబట్టి ఆ సంగతి నీకే వదిలేస్తున్నా.

నీ ఉత్తరం అందింది. ఉత్తరమా అది, తిట్ల దండకం! దేశం మారగానే వదినకి కళ్ళు నెత్తికెక్కాయా? ఏం మాటలే అవి? క్యాంపులో ఆ ఫోను టవరు పీకేసింది నేనా? ఇక్కడ నేను రాసింది సహాయ సంస్థ సంచీలో పడాలి, వాళ్ళ వ్యాను బురదలో దిగబడాలి, పైకి లేవాలి, అప్పుడు కదా నీ చేతికి రావడం. ఈలోగా నా కబుర్లన్నీ పాచిపోతాయి. సరే, పాచివే తిను.

మాకు రెండు గదుల ఇల్లిచ్చారు. వంటింట్లో కుళాయి తిప్పితే వేడినీళ్ళు. మీ అన్నయ్య మొదటి వారమంతా తిప్పడం, కట్టడం, మళ్ళీ తిప్పడం. నీళ్ళ వరసలో కొట్లాడకుండా నీళ్ళు పట్టుకోవడం ఆయనకి చేతకావడంలేదు. కుళాయిని కూడా తిడుతున్నాడు. గోడౌన్లో మూటలు మోసే పని దొరికింది. మనిషి ఎప్పట్లాగే చీపురుపుల్ల. ఎంత పెట్టినా ఎటు పోతుందో తెలీదు.

నాకు బిస్కెట్ ఫ్యాక్టరీలో పని. బెల్టు మీద బిస్కెట్లు వస్తుంటాయి, విరిగినవి ఏరి పక్క డబ్బాలో పడెయ్యాలి. అంతే ఉద్యోగం. సాయంత్రానికి డబ్బా నిండుతుంది. దాన్ని ఏం చేస్తారో తెలుసా? పందులకి పంపిస్తారట! వినగానే నా కళ్ళు తిరిగాయి. ఒక్క పాకెట్ ముగ్గురం పంచుకుని, అడుగున పొడి మిగిలితే నువ్వు వేలు తడిచేసుకుని అద్దుకు నాకేదానివి, గుర్తుందా? ఉండబట్టలేక సూపర్‌వైజరమ్మని అడిగా, ఇవి ఇంటికి పట్టుకెళ్ళొచ్చా అని. నీ ఇష్టం అంది. రోజూ సంచీడు తెస్తున్నా. పందుల నోటి దగ్గర కూడు లాక్కుంటున్నాననుకో.

ఫోటో పంపమన్నావు. ఇదిగో, మీ అన్నయ్య ఫోటో. నేను తీశాను కాబట్టి అందులో నేను లేను.

నీ ఫైలు ఇక్కడి శరణార్థుల ఆఫీసులో కదులుతోంది. పెళ్ళికాని చెల్లెలైనా వయసొచ్చాక వేరే కుటుంబం కిందే లెక్కట. ఒకే గుడారంలో ఒకే దుప్పటి కింద పడుకున్నవాళ్ళం వేరు కుటుంబాలు ఎప్పుడయ్యామండీ అని అడిగితే ఆఫీసరు తల గోక్కున్నాడు. అక్కడ నిన్ను ఇంటర్వ్యూకి పిలుస్తారు. మా వివరాలూ నీ వివరాలూ సరిపోతే చాలు, వచ్చేస్తావు. ఆ నోరు మాత్రం కాస్త అదుపులో పెట్టుకో తల్లీ, నీకు దణ్ణం పెడతా.

మీ వదిన


క్యాంపు,
కుట్టు షెడ్డు.

పందుల ఉసురు పోసుకుంటున్న మా వదినకి,

క్షేమం. అలా రాయాలి కాబట్టి రాశాను అనుకోకు, నిజంగానే క్షేమం. తిండికి ఏ లోటూ లేదు. రేషన్ బాగానే ఇస్తున్నారు. నువ్వు వదిలి వెళ్ళిన నీలం స్వెటర్ నాకు బిగుతైపోతోంది, ఒళ్ళు చేశావే అని షెడ్డులో అందరూ ఒకటే గోల. కాబట్టి నా గురించి బెంగ పెట్టుకుని నువ్వు చిక్కిపోకు. అసలే నీకు చిక్కడానికి ఏమీ లేదు.

అన్నయ్య ఫోటో అందింది. దాన్ని ఏం చేసుకోను? ఆ మొహం నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. నీ ఫోటో పంపవే తల్లీ అంటే ఆయన్ని పంపిస్తావా? రేడియో అక్క రోజూ అడుగుతోంది. ఆవిడ పని నీకు తెలుసుగా, పక్క గుడారంలో కూర్చుని క్యాంపంతటికీ వార్తలు చదవడం. "ఫోటో పంపట్లేదంటే ఏదో ఉందే పిల్లా" అంటుంది. ఏముంటుంది, సిగ్గు, అన్నాను. సిగ్గా, మీ వదినకా, అని పడీ పడీ నవ్వింది.

నీకో గౌను కుడుతున్నా. షెడ్డులో పెద్ద పెద్ద గుడ్డ ముక్కలు మిగిలాయి, పువ్వులవి. వచ్చేటప్పుడు తెస్తా. నువ్వు కొలతలు పంపక్కర్లేదు, నాకు నోటికొచ్చు. నీ నడుముకి టేపు చుడితే సగం టేపు మిగిలిపోయేది. మెడ కింద ఆ రెండు ఎముకల మధ్య గుంట ఉంటుంది చూడు, పెళ్ళినాడు అందులో నీళ్ళు పోస్తే పిచ్చుక తాగొచ్చు అన్నానని నన్ను కొట్టావు. ఆ గుంట కనబడకుండా మెడ పైకి కుట్టాను. ఎంత తెలివిగల మరదలో చూశావా?

ఇంటర్వ్యూకి నా పేరు బోర్డు మీద పెట్టారు. నోరు అదుపులో పెట్టుకుంటా. నేనెప్పుడు అదుపు తప్పానని?

నీ మిరపకాయ


ఆకుపచ్చ తలుపు ఇల్లు.

మిరపకాయకి,

మేం బాగున్నాం. ఫోటో ఈసారి కూడా కుదరలేదు. కెమెరా ఉన్న ఫోను మీ అన్నయ్య పట్టుకుపోతాడు, ఆయనొచ్చేసరికి వెలుతురు ఉండదు, వెలుతురు ఉంటే ఆయన ఉండడు. చూద్దాం.

నీకో తమాషా చెప్తా. మా మేడ మీద ఒకావిడ ఉంటుంది. మనలాగే ఏదో క్యాంపు నుంచి వచ్చింది. వచ్చినప్పుడు గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేది. ఇప్పుడు అమ్మో, మెట్లెక్కుతుంటే మెట్లు మొత్తుకుంటాయి. బరువు మూడంకెల్లోకి పోయింది. తెచ్చుకున్న గౌన్లు ఒక్కటీ పట్టట్లేదు పాపం, వాళ్ళాయన చొక్కాలు కూడా పట్టట్లేదు.

మోకాళ్ళ నొప్పులని ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ తూకం మిషను చూడగానే క్యాంపు గుర్తొచ్చింది. అక్కడ తక్కువ తూగితే పాలపొడి డబ్బా ఇచ్చేవాళ్ళుగా? మనం చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టి, పొట్ట వీపుకి అతికించుకుని ఎక్కేవాళ్ళం. ఈవిడా అదే పని చేసింది. చెప్పులు, గాజులు, జడపిన్నుతో సహా తీసేసి, ఊపిరి బిగబట్టి ఎక్కి, ముల్లు ఎక్కడాగిందో చూసి, పాలపొడి రాదని తెలిసి నాకు నీరసం వచ్చేసింది. నాకు కాదు, ఆవిడకి.

తర్వాత ఒక డైటు డాక్టరమ్మ వచ్చింది. నేను ఆవిడకి ప్లేటమ్మ అని పేరు పెట్టా, ఎందుకంటే ఎప్పుడూ గీతలు గీసిన ఒక ప్లాస్టిక్ ప్లేటు చేత్తో పట్టుకునే ఉంటుంది. ఈ గీతకి ఇటు కూర, అటు రొట్టె, గీత దాటితే నేరం. మన మాట తెలిసినామె ఒకరు ఫోనులోంచి అటు మాట ఇటు చెబుతోంది.

"నిన్న ఏం తిన్నారు?"

"ఏం తినలేదు."

"మొన్న?"

"ఏమీ లేదమ్మా."

"ఈ వారంలో ఎప్పుడైనా?"

"ఒక ముద్ద. అదీ సగం."

అలవాటే మరి! ఎంత తిన్నావని ఎవరైనా అడిగితే ఏమీ తినలేదనే కదా చెప్పేది? తిన్నామంటే రేషన్ కోసెయ్యరూ? ఏళ్ళ తరబడి నాలుక్కి పట్టిన మాట అది. ప్లేటమ్మ ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసి, కలం మూసేసి, ఒక గ్లాసు నీళ్ళిచ్చింది. సగం ముద్దతో ఇంత ఎలా అయ్యారండీ అని అడగలేదు, మర్యాద తెలిసిన మనిషి.

చివరికి నడవమంది. "ఎక్కడికి?" అని అడిగింది మేడ మీదావిడ. "ఎక్కడికీ కాదు, ఊరికే. అలా వెళ్ళి తిరిగి ఇంటికొచ్చెయ్యండి" అంది. చూశావా విచిత్రం! మనం నడిచిన నడకంతా పారిపోవడానికే కదే. ఎక్కడికీ పోకుండా, ఎవరూ తరమకుండా, బయల్దేరిన చోటికే రావడానికి నడవడమేమిటి?

అదీ ఆవిడ కథ. నవ్వుకో. గౌను తొందరపడి కుట్టకు. కుట్టినా కుట్ల లోపల బట్ట బాగా ఎక్కువ వదిలిపెట్టు. ఉతికితే దగ్గరైపోతుందేమో, చెప్పలేం.

మీ వదిన


క్యాంపు.

వదినా,

ముందు కూర్చో. కూర్చున్నావా? నీళ్ళు తాగు.

నా అన్న నా పాలిట చచ్చాడు. అన్నయ్య అనే మాట ఇంక నా నోట రాదు. నీకు జరిగిన అన్యాయం నాకు తెలిసిపోయింది. దాచకు. ఇన్నాళ్ళూ ఫోటో ఎందుకు పంపలేదో, అక్షరం అక్షరం నాకిప్పుడు అర్థమైంది.

నిన్న ఇంటర్వ్యూ అయింది. కళ్ళజోడు పెట్టుకున్న ఒక సారు, పక్కన టైపు కొట్టే అమ్మాయి. ముందు నన్ను గోడకి నిలబెట్టి ఫోటో తీశారు. అక్కడి ఆఫీసు వాళ్ళు ఈమధ్య తీసి పంపిన ఫోటోలు చూసి, మీరుండే ఆ ఇంట్లో ఎవరెవరున్నారో నేను గుర్తుపట్టాలట. మొదటి ఫోటో చూపించాడు. మా అన్నయ్య, అన్నాను. రెండోది చూపించాడు.

"ఈవిడ?"

"తెలీదు సార్."

"సరిగ్గా చూడమ్మా. మీ అన్నయ్య భార్య."

చూశాను. బాగానే చూశాను. ఒక బుగ్గలావిడ. బుగ్గలంటే అలా ఇలా కాదు వదినా, కళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. గడ్డం కింద గడ్డం, దాని కింద ఇంకో గడ్డం, మెడ సెలవు మీద వెళ్ళింది.

"ఈవిడ మా వదిన కాదు" అన్నాను. "మా వదినకి అసలు బుగ్గలే లేవు. నేను కుట్టుపని చేస్తాను సార్, ఆవిడ కొలతలు నాకు నోటికొచ్చు. ఈవిడ చెయ్యంత ఉంటుంది మా వదిన నడుము."

"కానీ ఆ ఇంట్లో ఆయనతో ఉంటున్నది ఈవిడే."

అప్పుడు నాకు తల తిరిగిపోయింది. కుర్చీలోంచి లేచిపోయా. "అయితే మా అన్న మా వదినని రోడ్డు మీద వదిలేసి ఈ గున్న ఏనుగుని తెచ్చుకుని పెట్టుకున్నాడు సార్! మా వదిన బంగారం. నాకు జ్వరమొస్తే తన వాటా పప్పు నాకు పోసి తను నీళ్ళు తాగి పడుకుంది. రాసుకోండి, మా అన్న ఉత్త వెధవ, రాసుకోండి" అన్నాను. ఆ అమ్మాయి టకటకా కొట్టేసింది.

వివరాలు సరిపోలేదని ఫైలు పక్కన పెట్టారు. మీ ఇద్దర్నీ అక్కడ పిలిచి అడుగుతారట. తర్వాత నన్ను ఇంకొక్కసారి పిలుస్తారట. అప్పుడూ సరిపోకపోతే ఫైలు మూసేస్తారు, మళ్ళీ తెరవరు. రావాలని లేదని కాదు వదినా. ఎంత ఉందో నీకు తెలుసు. కానీ నువ్వు లేని ఇంటికి వచ్చి నేనేం చేసుకోను?

నువ్వెక్కడున్నావు? తింటున్నావా? ఈ ఉత్తరం అసలు నీ చేతికి వస్తుందా? నీకు బదులు ఇది ఆ బుగ్గలది చదువుతుంటే, ఏయ్ బుగ్గలదానా, మా వదిన ఇంట్లో కూర్చుని మా వదిన బిస్కెట్లు మేస్తున్నావు కదూ? నేనొస్తే నీ సంగతి చెప్తా.

మిరపకాయ


ఆకుపచ్చ తలుపు ఇల్లు.

మిరపకాయకి, బుగ్గలది రాయునది.

నేనేనే! ఆ గున్న ఏనుగుని నేనేనే పిచ్చిమొహమా!

నీ ఉత్తరం మీ అన్నయ్య గట్టిగా చదివాడు. "రోడ్డు మీద వదిలేసి" దగ్గరికి వచ్చేసరికి నేను నవ్వడం మొదలెట్టా. కుర్చీ కిర్రుమంది, ఆయనా నవ్వాడు. "తన వాటా పప్పు నాకు పోసి" దగ్గర నాకు ఏడుపొచ్చేసింది. ఆయన చదవడం ఆపేసి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నాడు.

మా ఇంటికి మేడే లేదే. పైన పెంకులు, ఆ పైన ఆకాశం. చెప్పులూ గాజులూ తీసి మిషనెక్కింది నేనే. సగం ముద్ద తిన్నానన్నదీ నేనే.

ఎందుకు దాచావంటావా? సిగ్గు. రేడియో అక్క నవ్వితే నవ్వనీ, నాకు సిగ్గే. నువ్వు వరసలో నిలబడి పిండి తెచ్చుకుంటుంటే, ఇక్కడ నేను ఇలా ఊరిపోయి ఫోటోకి నిలబడనా? మీ అందరి వాటా నేనొక్కదాన్నే తినేసినట్టు ఉండదూ? మొదట్లో ఆ డబ్బాలో ముక్కలు పారబొయ్యలేక తిన్నా. తర్వాత మీ అన్నయ్య ప్లేటులో మిగిలింది పారబొయ్యలేక తిన్నా. తర్వాత ఏమీ తోచక తిన్నా. మధ్యాహ్నాలు ఈ ఇంట్లో గడియారం తప్ప ఇంకేదీ మాట్లాడదు. కడుపు నిండింది ఇంక చాలు అని నా ఒంట్లో ఏదో చెప్పాలటగా, ప్లేటమ్మ అంటోంది. నాకు అది చెప్పదే. ఎప్పుడో నోరు మూసుకుంది. రేపు వ్యాను రాకపోతే? అదొక్కటే వినబడుతుంది. వ్యాను ఎక్కడుందే ఇక్కడ? వీధి చివర కొట్టుంది, పొద్దస్తమానం తెరిచే ఉంటుంది. అయినా తింటా.

షుగరు కూడా ఉందన్నారు. మాత్రలిచ్చారు. కంగారుపడకు, నేనంత తొందరగా చావను.

ఇప్పుడు నీ సంగతికి వస్తా. ఇక్కడి ఆఫీసు వాళ్ళు మొన్న మమ్మల్ని పిలిచారు. నీ ఇంటర్వ్యూ నాడు తీసిన ఫోటో బల్ల మీద పెట్టి, ఈవిడెవరు అన్నారు. మీ అన్నయ్య కళ్ళు చిట్లించి, "ఎవరో పెద్దావిడ, మా చెల్లెలు కాదండీ" అనబోయాడు. పెద్దావిడట! బల్ల కింద ఆయన కాలు తొక్కాను. నా బరువు మొదటిసారి పనికొచ్చింది, కెవ్వుమన్నాడు. నేను మాత్రం వెంటనే గుర్తుపట్టా. నీ మొహం చూసి కాదే. స్వెటరు చూసి. రెండో గుండీ పోతే గోధుమరంగుది నేనే కుట్టాను కదా. అది మా మరదలే, నూటికి నూరుపాళ్ళు అదే, అని సంతకం పెట్టి వచ్చా.

బిగుతైపోయింది అన్నావే స్వెటరు? భుజం కుట్టు మోచేతి దగ్గరికి జారిపోయింది. లోపల ఇంకో ఇద్దరు పడతారు. ఒళ్ళు చేశావా? ఎక్కడే ఒళ్ళు? నీ మెడ కింద ఇప్పుడు పిచ్చుక కాదు, కాకి తాగొచ్చు. దొంగముండా, రేషన్ బాగానే ఇస్తున్నారని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందే? ఆ రాత్రి బిస్కెట్ల సంచీ ముందు పెట్టుకుని కూర్చున్నా. తినబుద్ధి కాలేదు. తర్వాత తిన్నా. అబద్ధమెందుకు?

ఇంక ఇద్దరం దాచింది చాలు. ఇదిగో, నిలువెత్తు ఫోటో, ఈసారి మీ అన్నయ్య తీశాడు. నేను పూర్తిగా పట్టడానికి రోడ్డు అవతలికి వెళ్ళాల్సొచ్చింది. బాగా చూడు. నిన్ను మళ్ళీ పిలుస్తారు. నిజం చెప్పు. మా వదిన లావైపోయింది, గుర్తుపట్టలేదు, అని చెప్పు. ఎంత లావో కూడా చెప్పు, నేనేం అనుకోను. నా పరువు పోతే పోయింది, నువ్వు వస్తే చాలు.

మీ వదిన


క్యాంపు,
కుట్టు షెడ్డు.

మహాకాయురాలైన మా వదినకి,

ఫోటో అందింది. కవరు చిన్నదైనా ఎలా పట్టావో!

ముందు చూసి నవ్వాను. తర్వాత చాలాసేపు చూశాను. నవ్వినప్పుడు నీ ఎడమ కన్ను ముందు మూసుకుంటుంది కదా, అది దొరికింది. ఆ కన్ను పట్టుకుని మెల్లిగా నీ మొహమంతా వెతుక్కున్నా. ఉన్నావు. అన్నీ ఉన్నాయి, కొంచెం లోపలికి వెళ్ళాయంతే. ఆఫీసులో చూపించిన ఫోటోలో నవ్వు లేదు, అదీ వచ్చిన చిక్కు.

రేడియో అక్క ఫోటో లాక్కుని గుడారం గుడారానికీ తిప్పింది. నీ మీద నవ్వుతారనుకున్నా. ఎవరూ నవ్వలేదు వదినా. నీళ్ళ వరసలో ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశారు. "మనలో ఒకత్తి ఇంతయిందా!" అంది ఒక ముసలావిడ. షుగరు సంగతి నేను చెప్పలేదు. ఆ సంతోషం వాళ్ళకి ఉండనీ అనిపించింది.

నిజం రాయమన్నావు, రాస్తున్నా. పిండి సగానికి కోసేశారు. నూనె ఎప్పుడొస్తుందో తెలీదు. కుట్టు మిషను తొక్కితే కాళ్ళు వణుకుతున్నాయి, అందుకని చేతికుట్టు పనే తీసుకుంటున్నా. నువ్వు అక్కడ తినడం మానేస్తావని దాచాను. నువ్వు మానేసేదానివే, నాకు తెలుసు. నాకోసం ఒకసారి మానేశావుగా.

కళ్ళజోడు సారు మళ్ళీ పిలిచాడు. నేను పెట్టిన శాపనార్థాలన్నీ టైపు చేసిన కాగితం ముందుంది. "మా అన్న ఉత్త వెధవ" దగ్గర గీత కూడా గీసి ఉంది.

"పోయినసారి ఈవిడ మీ వదిన కాదన్నావు. ఇప్పుడు అవునంటున్నావు. ఎవరైనా చెప్పి పంపించారా?"

"ఆవిడే చెప్పింది సార్."

"ఇన్నేళ్ళు కలిసి ఉన్న మనిషిని ఎలా గుర్తుపట్టకుండా ఉంటావు?"

దారిలో తయారుచేసుకున్న జవాబులన్నీ పక్కన పెట్టేశా. ఉన్నమాట చెప్పేశా.

"క్యాంపుకి వచ్చాకే ఆవిడ మా ఇంటి కోడలైంది సార్. అప్పట్నుంచి ఇక్కడే. ఆవిడ కడుపునిండా తిన్న మొహం నేను ఒక్కసారి కూడా చూళ్ళేదు. చూడని మొహాన్ని ఎలా గుర్తుపట్టను?"

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, ఇంకేమైనా చెప్పాలా అన్నాడు. "మా అన్న వెధవ అన్నది కొట్టెయ్యండి సార్" అన్నాను. రికార్డులో పడింది కొట్టెయ్యడం కుదరదట. అన్నయ్యకి చెప్పు, పాపం, ప్రభుత్వం దగ్గర శాశ్వతంగా వెధవే.

వివరాలు సరిపోయాయని రాసి సంతకం పెట్టాడు. వస్తున్నా వదినా.

నీ మిరపకాయ


ఆకుపచ్చ తలుపు ఇల్లు.

ఒసేయ్ మిరపకాయా,

వస్తున్నావటగా! మీ అన్నయ్య గోడౌన్ అంతా చెప్పుకు తిరుగుతున్నాడు. వెధవ బిరుదు సంగతి మాత్రం ఎవరికీ చెప్పట్లేదు.

నువ్వొచ్చేసరికి సన్నగా అయిపోతానని ఆశపడకు. ఫ్యాక్టరీలో సంచీ తేవడం మానలేదు, అందులో సగం దారిలో పావురాలకి వేస్తున్నా. అవి కూడా బలిశాయి. కానీ ఒకటి చేస్తున్నా. నడుస్తున్నా. ప్లేటమ్మ అడిగింది, ఎలా మొదలెట్టారు, ఏం మాట పనిచేసింది అని. నీ మాట కాదమ్మా అన్నా. విమానాశ్రయంలో ఆ చివర్నుంచి ఈ చివరికి చాలా దూరమట, మా మరదలు అటునుంచి వస్తుంటే నేను కుర్చీలో కూర్చుని ఆయాసపడితే ఏం బాగుంటుంది? ఎవరి నుంచో పారిపోవడానికి కాకుండా ఎవరికోసమో నడవడం నాకిదే మొదలు. మోకాళ్ళు బూతులు తిడుతున్నాయి. తిట్టనీ.

నన్ను దాటుకుని వెళ్ళిపోయావో, చంపేస్తా.

మీ వదిన


నీ వంటిల్లు,
స్టవ్వు పక్కన.

వదినా,

నువ్వు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి నేను లేచి ఉండను, ఎంత పడుకున్నా ఇంకా నిద్రొస్తోంది. అందుకని ఉత్తరం. అలవాటు తప్పలేదు.

విమానాశ్రయంలో నీ మెడ పట్టుకుని అలా ఏడ్చానేమిటని అన్నయ్య నిన్నట్నుంచీ ఏడిపిస్తున్నాడు. లావు చూసి భయపడ్డావా అంటున్నాడు. అది కాదు. క్యాంపులో నీ చుట్టూ చేతులు వేస్తే నా మోచేతులు నాకే తగిలేవి. నీ వీపు ఎముకలు గుచ్చుకునేవి. మొన్న వేస్తే చేతులు అటు అందలేదు. ఎంత సాచినా అందలేదు. ఇంత మనిషివి ఉన్నావా నువ్వు అనిపించింది. సంతోషమో దుఃఖమో తెలీలేదు, అందుకే ఏడ్చా. నువ్వు మాత్రం నన్ను చుట్టేసి నీ చేతులు నీకే తగిలి ఎందుకు ఏడ్చావో నేను అడగలేదు, చూశావా? అదీ నా మర్యాద.

డబ్బాలో విరిగిన బిస్కెట్లు నేనే తిన్నా. పావురాల మీదికి నెట్టకు. నా దిండు కింద ఒక పొట్లం ఉంది, పక్క దులిపేటప్పుడు తియ్యకు. అవసరం లేదని తెలుసు. వీధి చివర కొట్టు చూశాను, తెరిచే ఉంది. అయినా ఉండనీ.

నీ పువ్వుల గౌను కుర్చీ మీద ఉంది. పాత కొలతలకి కుట్టింది నీ చేతికి కూడా ఎక్కదు కదా, పక్క కుట్లు రెండూ విప్పి, నాకోసమని తెచ్చుకున్న పువ్వుల గుడ్డలోంచి ముక్కలు కోసి కలిపేశా. మెడ కిందికి దించా, దాచడానికి ఇప్పుడు గుంట లేదుగా. నువ్వు చెప్పినట్టే లోపల బట్ట వదిలా. ప్లేటమ్మ గెలిస్తే కుట్టు లోపలికి వేసుకుందాం, బిస్కెట్లు గెలిస్తే బయటికి.

మిగిలిన గుడ్డతో నాకూ ఒకటి మొదలెట్టా, వారంలో అయిపోతుంది. ఇప్పటి నా కొలతకి గుడ్డ చాలా మిగిలిపోతోంది. కొయ్యలేదు. దాన్లో కూడా లోపల బట్ట బాగా ఎక్కువే వదిలా.

మిరపకాయ